బావ జేబులో నా గ్రాఫు

1వ తేదీ, సోమవారం

ఉదయం 6.10. లేచాను. అలారం కంటే ముందే! శుభారంభం.

ఈ రోజు నుంచి ముప్పై రోజులు నా ఫోనే నాకు అత్తగారు. పెళ్ళి కాకుండానే అత్తగారు దొరికిన మగాణ్ణి నేనొక్కణ్ణేనేమో. శనివారం డాక్టరమ్మ నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టించింది. అది నోరెత్తదు, అన్నీ లెక్కపెడుతుంది. ఎన్ని అడుగులు వేశాను, ఎన్నిసార్లు ఫోను తెరిచాను, ఎంత జోరుగా టైపు కొట్టాను, ఎన్ని కాల్స్ చేశాను, ఎన్ని గంటలు పడుకున్నాను. ఏం మాట్లాడానో మాత్రం వినదట. ఆ మాత్రం మర్యాద ఉంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒకే ప్రశ్న: 'ఈ రోజు ఎలా ఉన్నారు?' కింద ఏడు ముఖాలు, బావురుమనే ముఖం నుంచి పళ్ళికిలించే ముఖం దాకా. ఒకటి నొక్కాలి. అన్నీ కలిపి ఒక గీత గీసి నాకు చూపిస్తుంది, డాక్టరమ్మకి పంపిస్తుంది.

ఎందుకంటే నాకు బైపోలార్. ఈ డైరీ ఎవరి చేతికైనా చిక్కితే వాళ్ళకి అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను. నేను టవర్ క్రేను ఆపరేటర్ని. పన్నెండంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఇనుప కడ్డీల కట్టలు ఎత్తడం, దించడం నా పని. పోయినేడు మూడు రోజులు నిద్రపోలేదు. నాబోటి మహానుభావుడికి నిద్రతో పనేమిటి అనుకున్నాను. మూడో రోజు పైనుంచి వాకీటాకీలో సైటు మొత్తానికి నలభై నిమిషాలు ఉపన్యాసం దంచాను. బిల్డింగు తప్పు దిక్కుకి కడుతున్నారని, తిప్పి కట్టమని! అప్పుడు కొక్కేనికి రెండు టన్నుల కడ్డీలు వేలాడుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను, ఏడు నెలలుగా కుదురుగా ఉన్నాను. కానీ సైటులో నా చోటు స్టోరు గది. హెల్మెట్లు, గ్లవుజులు, బోల్టులు అడిగినవాళ్ళకి అడిగినన్ని ఇస్తుంటాను.

ముప్పై రోజుల గీత స్థిరంగా ఉందని డాక్టరమ్మ ఉత్తరం ఇస్తే, సేఫ్టీ సారు మళ్ళీ నన్ను పైకి ఎక్కనిస్తాడు. వచ్చే ఒకటో తేదీకి ఉత్తరం రాకపోతే నా క్రేను తాబేలుకి ఖాయం. (ఇప్పుడు నడుపుతున్న అతను. మరీ నెమ్మది. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు కూడా.)

తీర్మానాలు:
1. ఫోను నా ఒంటి మీదే ఉండాలి.
2. ముఖం నిజాయితీగా నొక్కాలి.
3. గీతతో చెలగాటం వద్దు.
4. మాత్రలు మానే ప్రసక్తే లేదు. మానితే అక్క తోలు తీస్తుంది.

9.00. నాలుగో ముఖం నొక్కాను. 'సాధారణం.' ఎంత అందమైన మాట!

2వ తేదీ, మంగళవారం

అడుగులు 8,120. కాల్స్ 4. నిద్ర ఏడుంపావు. గీత సముద్రంలా... కాదు, ఇలాంటి పోలికలు మొదలయ్యాయంటే జాగ్రత్తపడాలి. గీత బాగుంది. అంతే.

నేను ఉండేది అక్కావాళ్ళింట్లో. అక్క పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా జనాల్ని నోరు తెరవమని చెప్పి చెప్పి, ఇంటికొచ్చి నన్ను తెరవమంటుంది. మాత్ర మింగానా లేదా అని నాలుక కింద కూడా చూస్తుంది.

"ఏదీ, ఆ అన్రా."

"అక్కా, నాకు నలభై ఏళ్ళు."

"నలభై ఏళ్ళ నోరే తెరువు."

4వ తేదీ, గురువారం

సాయంత్రం 6.30. అమ్మో!

స్టోరుకి సరుకొచ్చింది. ఎనభై పెట్టెలు. లారీ నుంచి గదికి, గది నుంచి లారీకి. అడుగులు 19,644! లెక్క తప్పిందని పెట్టెలన్నీ మళ్ళీ ఎంచాం, ఫోన్లో పదిహేడుసార్లు సప్లయరుతో గొడవపడ్డాను. గీత కొండెక్కింది. మేకలా నిటారుగా ఎక్కింది.

సంతోషంతో కాదు తల్లీ, బోల్టులతో! అని అత్తగారికి చెప్పుకునే వీలు లేదు. ఏడు ముఖాలే ఉన్నాయి, 'సరుకొచ్చింది' అనే ముఖం లేదు.

నేను క్రేను ఎక్కాలంటే నా గీత పైకి ఎక్కకూడదు. ఇదెక్కడి న్యాయం?

7వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం 3.00. సెలవు. తిన్నాను, పడుకున్నాను, మళ్ళీ తిన్నాను. అడుగులు 212. గీత బావిలో పడింది.

3.20. ఇలా పడితే డాక్టరమ్మ ఏమనుకుంటుంది? మళ్ళీ మంచం పట్టాననుకోదూ?

3.25 నుంచి 4.40 దాకా భోజనాల బల్ల చుట్టూ తిరిగాను. అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"బల్లకి మొక్కుకున్నావా?"

"వ్యాయామం అక్కా."

"బయట అంత పెద్ద వీధి పెట్టుకుని?"

బయటికి వెళితే ఎవరో ఒకరు కలుస్తారు, మాట్లాడతారు, ఆలస్యమవుతుంది, గీతకి ఏ రోగం పుడుతుందో. బావ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను వచ్చినప్పుడల్లా కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చాడు. ఏం చేస్తున్నావని కూడా అడగలేదు. మనిషంటే అలా ఉండాలి.

8వ తేదీ, సోమవారం

సైటులో వాకీటాకీ పట్టుకుని క్రేనుకి సైగలు చేసే బాబాయి ఒకాయన ఉన్నాడు. సిగ్నలు బాబాయి అంటాం. నన్ను కన్నకొడుకులా చూస్తాడు. కాల్స్ లెక్క తగ్గించుకుందామని ఆయన్ని ఫోను చెయ్యొద్దన్నాను. మధ్యాహ్నానికి ముప్పైరెండు మెసేజీలు. 'ఏం తప్పు చేశాన్రా అబ్బాయ్?' 'చెప్పు.' 'చెప్పవా?' 'నా మాటకి నొచ్చుకున్నావా?' అన్నిటికీ జవాబు కొట్టాల్సొచ్చింది. టైపింగు వేగం రికార్డు! అత్తగారు గీతని మళ్ళీ లేపింది.

కాబట్టి బరువు పని ఉన్నప్పుడు ఫోను సొరుగులో పెడుతున్నాను. దీన్ని మోసం అనరు. సర్దుబాటు అంటారు. ఫొటోకి తల దువ్వుకోమూ?

9వ తేదీ, మంగళవారం

ఉదయం 7.05. వచ్చింది! ఐడియా!

ఈ ఇంట్లో అసలు ఊగని మనిషి ఒకడున్నాడు. బావ! ముప్పైయొక్క ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పిన మనిషి. బండ్లు ఆలస్యమయ్యాయి, బావ ఎప్పుడూ కాలేదు. ఒకసారి స్టేషన్లో పొగ లేచి జనం పరుగులు తీస్తుంటే కూడా అదే గొంతుతో 'ప్రయాణికులు దయచేసి' అన్నాడట. నాలుగు నెలల క్రితం రిటైరయ్యాడు. అప్పట్నుంచి కిటికీ దగ్గర కుర్చీ, చేతిలో పేపరు, ముఖంలో ప్రశాంతత. ముప్పైయొక్క ఏళ్ళు మాట్లాడి మాట్లాడి అలిసిపోయాడు, ఇప్పుడు హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాడని అక్క మురిసిపోతుంటుంది.

నా ఫోను బావ జేబులో ఉంటే? గీత ఎంత చక్కగా వస్తుంది!

"బావా, కొన్నాళ్ళు నా ఫోను నువ్వు పెట్టుకో, నీది నేను పెట్టుకుంటాను. పడుకునేటప్పుడు కూడా నీ పక్కనే పెట్టుకో."

"సరే."

ఎందుకని అడుగుతాడేమోనని మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాను. ఒక్కటీ ఖర్చు కాలేదు.

ఒకటో తీర్మానం: ఫోను ఒంటి మీద ఉండాలి. ఉంది కదా! ఒళ్ళే మారింది.

11వ తేదీ, గురువారం

స్వర్గం! ఎంత నడిచినా భయం లేదు. సైటులో పాడుకుంటున్నాను. సిగ్నలు బాబాయికి బావ నంబరిచ్చాను, అలక తీరింది. తొమ్మిదింటికి బావ జేబులోంచి ఫోను తీసి నాలుగో ముఖం నొక్కి మళ్ళీ ఆయన జేబులో పెట్టేస్తున్నాను. గీత చూడటం లేదు. నా దిష్టే తగులుతుందేమోనని.

బావ ఫోను భలే ఫోను. సిగ్నలు బాబాయి కాల్స్ తీసేస్తే మూడు రోజుల్లో ఒక్కసారే మోగింది. అదీ రాంగ్ నంబరు. ఎంత గొడవలేని జీవితం!

14వ తేదీ, ఆదివారం

గీత చూశాను. కళ్ళు చెమర్చాయి.

చదును! మేస్త్రీ తాపీ పట్టి నేల మీద నున్నగా పూసినట్టుంది. ఎక్కడా ఒక్క గడ్డ లేదు. కాస్త కిందికి ఉంది, ఉండనీ. వినయంగా ఉండటం మంచిదే కదా. డాక్టరమ్మ దీన్ని అద్దంలో బిగించి గోడకి తగిలించుకోవాలి.

మధ్యాహ్నం సైటు వైపు వెళ్ళి క్రేనుని చూసొచ్చాను. కేబిన్ అద్దాలు తాబేలు తుడవడంలేదు. ఎండలో మరకలన్నీ కనిపిస్తున్నాయి. పదహారు రోజులు ఓపిక పట్టమ్మా, వచ్చి నేనే తుడుస్తాను.

16వ తేదీ, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

11.15. స్టోరులో ఉన్నాను. నెత్తిన ఒక హెల్మెట్టు, దాని మీద ఇంకో హెల్మెట్టు పెట్టుకుని బాబాయిని నవ్విస్తున్నాను. అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. మెడలో క్లినిక్కు కార్డు అలాగే ఉంది, చెప్పులు కూడా మార్చుకోలేదు. వచ్చీ రాగానే నా నుదురు పట్టుకుని చూసింది, గట్టిగా వాటేసుకుంది, ఆ తర్వాత ఫెడీమని వీపు మీద ఒకటిచ్చింది.

"ఎందుకు చెప్పలేదురా? మళ్ళీ మొదలైతే నాకెందుకు చెప్పలేదు?"

"ఏం మొదలైంది? నేను బాగానే ఉన్నానక్కా!"

"బాగుండటమేంటి? డాక్టరమ్మ ఫోన్ చేసింది. వారం నుంచి రోజుకి మూడొందల అడుగులు కూడా వెయ్యట్లేదట. ఒక్కరికీ ఫోన్ చెయ్యట్లేదట. రోజూ తెల్లవారుజామున మూడింటికి లేచి ఆ ఫోన్ చూస్తూ కూర్చుంటున్నావట. ఇది మామూలుగా లేదు, మనిషి బాగా కుంగిపోతున్నాడు, వెంటనే తీసుకురండి అంది!"

బాబాయి నన్ను చూశాడు. నా నెత్తి మీది రెండు హెల్మెట్లని చూశాడు.

"కుంగినవాడిలా ఉన్నాడామ్మా వీడు?"

నవ్వబోయాను. నోట్లోనే ఆగిపోయింది. మూడింటికి నేను లేవడం లేదు. గుర్రు పెడుతున్నాను. మరి లేస్తున్నదెవరు?

12.00. అక్కకి మొత్తం చెప్పేశాను. ఇంకో దెబ్బ పడుతుందనుకున్నాను. పడలేదు. అక్క బోల్టుల పెట్టె మీద కూలబడింది. "నాలుగు నెలలుగా పక్కనే ఉన్నానురా," అంది. "విశ్రాంతనుకున్నాను." ఏడ్చింది.

1.30. ఇంటికొస్తున్నాం. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆటోలో నా బుర్రలో తిరిగిన మాట ఇది: ఫోను చెడిపోయిందని చెబితే? రిపేరుకిచ్చామంటే? బావని వేరే డాక్టరుకి చూపించొచ్చు. నా పదిహేను రోజులు పోవు. నా క్రేను పోదు.

2.00. బావ కిటికీ దగ్గరే ఉన్నాడు. పేపరు చేతిలో ఉంది. తేదీ చూశాను, మొన్నటిది. కింద నేల మీద కూర్చున్నాను.

"బావా, మూడింటికి లేచి ఏం చేస్తున్నావు?"

"ఎవరు చెప్పారు?"

"నా ఫోను."

పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మొదటి బండి మూడూ పదికిరా," అన్నాడు. "ఆ టైముకి గొంతు సవరించుకోవడం అలవాటు. మెలకువ వచ్చేస్తుంది. లేస్తాను. ఫోనులో టైము చూస్తాను. మూడూ పది అవుతుంది, దాటిపోతుంది. చెప్పడానికి ఏమీ ఉండదు."

"మరి పగలు?"

"పగలు ఎందుకు లేవాలో తెలియట్లేదు."

ఆ మాట నాకు తెలుసు. పోయినేడు మూడు నెలలు నేను గోడ వైపు తిరిగి అక్కతో అన్నది అదే మాట. అప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని, రోజూ ఒక కుళ్ళు జోకు చెప్పి, నేను నవ్వకపోయినా మర్నాడు ఇంకోటి చెప్పిన మనిషి ఈ బావే. ఆయన దిగులుని నేను నా గీతగా వాడుకుని, పైగా చదునుగా ఉందని మురిసిపోయాను. నామీద నాకే రోత పుట్టింది.

ఫోను చెడిపోలేదు. చెడిపోయిందని నేను చెప్పను.

17వ తేదీ, బుధవారం

డాక్టరమ్మ గది. నేను, అక్క, బావ. ఉన్నదున్నట్టు చెప్పాను. సొరుగుతో సహా, బల్ల చుట్టూ తిరుగుడుతో సహా. బల్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. బావ జేబు దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది.

"గీత చదునుగా ఉండాలని మీకెవరు చెప్పారు?" అంది.

"స్థిరంగా అన్నారు కదండీ..."

"మనిషన్నాక సరుకొస్తే ఎక్కువ నడుస్తాడు, ఆదివారం పడుకుంటాడు. అలా ఊగుతూ మళ్ళీ దారికొస్తుందా లేదా అని చూస్తాను. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే ముందు నాడి ఆడుతోందో లేదో చూడాలి." స్క్రీను నా వైపు తిప్పింది. "ఈ మొదటి వారం చూడండి. ఎంత బాగుందో! దీన్ని చూసే మీ ఉత్తరం సగం రాసి పెట్టుకున్నాను."

సగం!

కొండెక్కిన మేకని చూసి సంతోషించిందట. నేను తల పట్టుకుని కూర్చున్నాను. అక్క "అయ్యో వెర్రి మొహమా" అంది. ఆ మాట నాకు అతికినట్టు సరిపోయింది.

ఉత్తరం ఇప్పుడివ్వలేనంది. దగ్గరున్నది నా ఎనిమిది రోజులే, అందులోనూ సొరుగు ఉంది. మళ్ళీ ముప్పై. కోపంగా చెప్పలేదు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అని మాత్రం అంది.

తర్వాత మమ్మల్ని బయటికి పంపి బావతో మాట్లాడింది. యాభై నిమిషాలు. అక్క, నేను వరండాలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. తలుపు సందులోంచి బావ గొంతు వినిపిస్తూనే ఉంది. ఏమంటున్నాడో తెలియలేదు. కానీ ఆపకుండా మాట్లాడుతున్నాడు. నాలుగు నెలల్లో అంతసేపు వినలేదు ఆ గొంతు. అక్క నా చెయ్యి నలిపేసింది, ఇప్పటికీ వేళ్ళు నొప్పి.

బావకి మాత్రలు, వారంవారం రావడం, పొద్దున్నే తప్పనిసరిగా నడక. 'ఇది బాగవుతుంది, టైము పడుతుంది' అందట.

19వ తేదీ, శుక్రవారం

సేఫ్టీ సారుకి కూడా నేనే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఒకటో తేదీకి ఉత్తరం రాదంటావు."

"రాదు సార్."

"అయితే క్రేను అతనికే."

"తెలుసు సార్."

"వెనక బ్లాకుకి రెండోది బిగిస్తారు. ఎప్పుడో చెప్పలేను. ఉత్తరం తెస్తే అప్పుడు చూద్దాం. చూద్దామన్నాను, ఇస్తానన్లేదు."

11.40. స్టోరులో హెల్మెట్ల అరల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. పది నిమిషాలు. ఆ క్రేను నాది. ఏ గేరు ఎక్కడ మొరాయిస్తుందో నా చేతికి తెలుసు. తాబేలు గ్లవుజుల కోసం వచ్చి నన్ను చూశాడు. పక్కన నిలబడ్డాడు. చివరికి, "అద్దాలు ఏ గుడ్డతో తుడిచేవాడివన్నా?" అన్నాడు. చెప్పాను. మంచివాడే, పాపం.

9.00. రెండో ముఖం నొక్కాను. 'దిగులుగా ఉంది.' ఉంది కాబట్టి నొక్కాను. మాత్ర వేసుకున్నాను. నోరు తెరిచి చూపించాను. నిద్ర కూడా వస్తోంది.

22వ తేదీ, సోమవారం

మొదటి రోజు. మళ్ళీ!

ఉదయం 6.25. అలారం తర్వాతే లేచాను. పర్లేదు.

తీర్మానాలు:
1. నా ఫోను నా జేబులో.
2. బావ ఫోను బావ జేబులో.
3. అంతే.

6.50. బావ నడకకి బయల్దేరలేదు. దుప్పటి ముసుగు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఒక కుళ్ళు జోకు చెప్పాను. నవ్వలేదు. "ఇది నేను నీకు చెప్పిందే, అప్పుడు ఇంతకంటే బాగా చెప్పాను," అన్నాడు ముసుగులోంచి. రెండోది చెప్పబోతే, భరించలేక లేచాడు!

7.20. ఇద్దరం నడిచి సైటు దాకా వెళ్ళాం. దారిలో బావ ఎనిమిది మాటలు మాట్లాడాడు. ఎంచాను. గేటు దగ్గర ఆగి తల వెనక్కి వంచి క్రేనుని చాలాసేపు చూశాడు.

"అందులో ఇద్దరు పడతారా?"

"ఒక్కడే పడతాడు. అదీ సన్నగా ఉంటేనే."

"సరే, కిందే నిలబడతాను. నువ్వెప్పుడెక్కుతావు?"

"ఏ క్రేనో, ఏ బ్లాకో తెలీదు బావా. ముందు ముప్పై రోజుల గీత కావాలి. ఎక్కనిస్తారో లేదో కూడా తెలీదు. అప్పటిదాకా లెక్కపెట్టుకోవడమే."

బావ వాచీ చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. గేటు దగ్గర హెల్మెట్లు పెట్టుకుంటున్న పదిమందీ తిరిగి చూసేంత ఖంగుమనే గొంతుతో అన్నాడు:

"ఇవాళ పోతే ఇంకా ఇరవైతొమ్మిది రోజులు. ఇవాళ్టి లెక్క నేను చూస్తున్నాను."